శాంతప్పకు తోడు కావలెను

మదనపల్లెలో బెంగళూరు రోడ్డు మీద అద్దె ఇంట్లో నడుస్తున్న మెట్ట ప్రాంత సామరస్య మండలి వారు 1998 ఎండాకాలంలో ప్రజలకు సంతోషంతో తెలియజేసినది ఏమనగా: మండలి కార్యాలయంలోని గాజుతొట్టిలో నివసిస్తున్న శ్రీ శాంతప్ప అను గోదురుకప్ప గారికి తోడుగా ఉండుటకు తగిన జీవులు కావలెను. అభ్యర్థులకు వెన్నెముక ఉండరాదు. కరిచేవారు, కుట్టేవారు, విషం చిమ్మేవారు అనర్హులు. శాంతప్ప గారి ఆరోగ్యానికి భంగం కలిగించని సాధుస్వభావం తప్పనిసరి. అభ్యర్థుల ఆరోగ్యం సంగతి ప్రకటనలో లేదు. కాగితంలో చోటు చాలక వదిలేసి ఉంటారు.

ఈ ప్రకటన రాసినవాడు శివకుమార్. మండలిలో తాత్కాలిక గుమాస్తా. గుడుపల్లె పక్క పల్లెలో కూలికి పోయి వాళ్ళమ్మ బయ్యమ్మ అతన్ని చదివించింది. వాళ్ళ వంశంలో ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని జీతం తీసుకున్న మొదటి మనిషి అతనే. కాకపోతే ఆ కుర్చీ తాత్కాలికం, ఫ్యాను తాత్కాలికం, కరెంటు సరేసరి. వానాకాలం చివర్లో హైదరాబాదు నుంచి తనిఖీకి వస్తామనీ, మండలి సామరస్యం సాధించినట్టు తేలితే ఉద్యోగాలు పర్మనెంటు చేస్తామనీ, తేలకపోతే మండలినే ఎత్తేస్తామనీ పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ రోజు నుంచి శివకుమార్ బతుకంతా గాజుతొట్టిలోనే ఉంది. తొట్టిలో ఏ అనర్థం జరిగినా బాధ్యత గుమాస్తాది, ఏ అనర్థమూ జరక్కపోతే ఘనత చైర్మన్‌ది అని పని పంచుకున్నారు. ఇందులో చదివేవారికి తెలియని కొత్త పద్ధతేమీ లేదు.

చైర్మన్ మధుసూదన్ గారు అంతకుముందు సిమెంటు పనుల కాంట్రాక్టరు. ఎన్నికల్లో టికెట్టు అడిగారు. అది వేరే ఆయనకు పోయింది. మధుసూదన్ గారు అలిగి పడుకున్నారు. అలిగినవారిని లేపడానికి మన రాష్ట్రంలో మండళ్ళు పెట్టడం ఆనవాయితీ కనుక, ఏ మండలి పెడదామా అని పెద్దలు చాలాసేపు ఆలోచించారు. మదనపల్లెకూ పుంగనూరుకూ పడదు, ఆ రెంటికీ కుప్పానికి పడదు. బస్సులు మాకంటే మాకని, కాలేజీ మాకంటే మాకని ఏళ్ళ తరబడి కొట్లాట. ఈ మూడు ఊళ్ళ మధ్య సామరస్యం సాధించే పని మధుసూదన్ గారికి అప్పగించారు. ఒక కారు, ఒక ఫోను, ఒక శివకుమార్‌ను కూడా ఇచ్చారు.

శాంతప్ప చైర్మన్ గారి పెంపుడు కప్ప. ఒక వానకు స్నానాలగదిలోకి వచ్చి, బక్కెట్టు వెనకాల స్థిరపడ్డాడు. మధుసూదన్ గారికి ఆ నిదానం, ఆ కదలకపోవడం, ఏం చెప్పినా వినేట్టు చూసే ఆ చూపు తెగ నచ్చాయి. ఇంట్లో తన మాట అంత శ్రద్ధగా విన్నవాళ్ళు వేరే ఎవరూ లేరు. ఆయన భార్య రేవతమ్మ మాత్రం ఇంట్లో కప్పయినా ఉండాల, నేనైనా ఉండాల అని తేల్చేసింది. అందుచేత శాంతప్ప ఆఫీసుకు బదిలీ అయ్యాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే బెంగళూరులో బావమరిది ఇంట్లో చైర్మన్ గారు ఒక గాజుతొట్టి చూశారు. అందులో ఒక కప్పా, ఒక పెద్ద నత్తా ఒకే చెట్టునీడన కాపురముంటున్నాయి. ఆయనకు ఒళ్ళు జలదరించింది. మూడు ఊళ్ళ ప్రతినిధులు శాంతప్ప సమక్షంలో ఒకే తొట్టిలో కలిసి బతికితే, చూసిన జనం తామూ కలిసి బతుకుతారు గదా అనిపించింది. ఇంత సులువైన దారి ఇన్నేళ్ళూ ఎవరికీ తట్టనందుకు ఆయన ఆశ్చర్యపోయారు.

మొదట కుప్పం కదిలింది. ఆ పక్కంతా మల్బరీ తోటలు, మనెలని పిలిచే పట్టుపురుగుల పెంపకపు ఇళ్ళు. రైతులు తమ మనెల్లోకెల్లా బాగా ఎదిగిన పట్టుపురుగును ఎంచారు. పొర విడిచేముందు పట్టుపురుగు మేత మాని పడుకునే పడకను అక్కడ జ్వరమంటారు. ఈ పురుగు నాలుగో జ్వరం లేచి, ఆకును కరకరా నమిలే వయసులో ఉంది. దాన్ని వెదురుతట్టలో లేత ఆకు మీద పడుకోబెట్టి, మేళతాళాలతో జీపెక్కించి, పుంగనూరు మీదుగా కావాలనే నెమ్మదిగా నడిపించుకుంటూ తెచ్చారు. పట్టుపురుగు కరవదు, కుట్టదు, ఎవరి మొహమూ చూడదు, పెట్టింది తింటుంది, చివరికి తన ఒంటిమీది గుడ్డ కూడా ఇతరులకే ఇస్తుంది. ఇంతకన్నా సాధువు దొరకదని చైర్మన్ గారు ప్రసంగించారు. చప్పట్ల మధ్య ప్రతినిధిని తొట్టిలోకి దించారు.

పట్టుపురుగు తల ఎత్తింది. శాంతప్ప తల ఒక పక్కకు వంచాడు. తరవాత జరిగింది ఎవరూ చూడలేదు. చూసేలోపల అయిపోయింది. ఆకు అక్కడే ఉంది, దాని మీద ప్రతినిధి లేడు. శాంతప్ప రెండు చేతులతో మూతి తుడుచుకుని, మెల్లగా కళ్ళు మూసుకున్నాడు.

శివకుమార్‌కు గుడుపల్లె మట్టిరోడ్డు, అమ్మ తల మీద గంప, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి. చైర్మన్ గారు మాత్రం చెక్కు చెదరలేదు. కళ్ళు మూసుకున్నాడు చూశారా, అదీ ఆత్మీయత అన్నారు. మరునాటి పత్రికలకు పంపే ప్రకటనలో శివకుమార్ "మింగబడెను" అని రాస్తే, ఆయన ఎర్రసిరాతో కొట్టేసి "శాంతప్ప గారిలో విలీనమయ్యారు" అని దిద్దారు.

కుప్పంవాళ్ళు కాసేపు గుసగుసలాడుకున్నారు. వాళ్ళలో అంజినప్ప అనే రైతు ముందుకొచ్చి చైర్మన్ గారిని అడిగాడు.

"సార్, మావోడు ఇప్పుడు యాడుండాడని మా ఊర్లో సెప్పాల?"

"లోపలుండాడని చెప్పు. బయటుండేవాడు అరుస్తాడు. లోపలుండేవాడికే పలుకుబడి."

ఈ మాట వాళ్ళకు వెంటనే అర్థమయింది. మన జనానికి ఇలాంటివి విడమరిచి చెప్పే అవసరం ఎప్పుడూ రాదు. మదనపల్లెవాళ్ళు ఇంకా బయటే ఉండారు గదా అనుకుంటూ మేళం వాయించుకుంటూ వెళ్ళిపోయారు.

ఆ మాట మదనపల్లె టమోటా వ్యాపారులకు చేరింది. ఇంత పెద్ద మార్కెట్టు పెట్టుకుని కుప్పం కన్నా వెనకబడడమా అని వాళ్ళు ఒక పూట వేలం కూడా ఆపేశారు. వాళ్ళు పంపినది టమోటాకాయను తొలిచి అందులోనే కాపురముండే పచ్చపురుగు. సొంత ఇంటితో సహా వస్తుంది కాబట్టి మండలికి వసతి ఖర్చు లేదని, బయటికి రాదు కాబట్టి గొడవే లేదని వాదించారు. నిజమే, కాయను తొట్టిలో పెట్టాక పురుగు చాలాకాలం బయటికి రాలేదు. శివకుమార్ రోజూ పొద్దున్నే వచ్చి కాయకు కన్నం ఉందా, కన్నంలో పచ్చదనం ఉందా అని చూసుకుని ఊపిరి పీల్చుకునేవాడు. శాంతప్ప కాయ ఎదుట కూర్చున్నాడు. ఆయనకు వేరే పనుల్లేవు. చివరికి కాయ కుళ్ళి, ఇల్లు కారడం మొదలయ్యాక పురుగు బయట వాతావరణం ఎట్లుందో చూద్దామని తల బయటపెట్టింది. టమోటా వ్యాపారులు ఆ సాయంత్రం టపాకాయలు కాల్చారు.

పుంగనూరు ఈ రెండింటినీ చూసి నేర్చుకుంది. అక్కడి పెద్దమనిషి నారాయణస్వామి బుర్ర గలవాడు. మా ఊరి పేరు చెబితే జనానికి గుర్తొచ్చేది పొట్టి ఆవు, కానీ ఆవుకు వెన్నెముక ఉండాది, తొట్టిలో పట్టదు. కాబట్టి ఆ ఆవు మీద పుట్టి, ఆ ఆవు నెత్తురు తాగి పెరిగిన గోమారిని మించిన వారసుడు ఎవరని ఆయన అడిగాడు. కరిచేవారు అనర్హులు గదా అని శివకుమార్ గుర్తుచేస్తే, ఇది కరవదు, పట్టుకుంటాది అంతే అన్నాడు. గోమారిని వెండి కుంకుమభరిణలో తెచ్చారు. తొట్టిలో దించగానే అది శాంతప్పకు ఎదురుగా పోలేదు. చుట్టూ తిరిగి, వెనకనుంచి ఎక్కి, మెడ పక్కన నాలుక అందని చోట అతుక్కుంది.

అంతటి అన్యోన్యతను మండలి చరిత్రలో ఎవరూ చూసి ఎరుగరు. ఇద్దరూ విడవకుండా ఒక్కటిగా తిరిగారు. గోమారి ఆముదపు గింజంత అయింది, తరవాత చిక్కుడు గింజంత అయింది. పుంగనూరు నుంచి బళ్ళు కట్టుకుని జనం వచ్చి తమవాడి ఎదుగుదల చూసి కళ్ళు తుడుచుకున్నారు. శాంతప్ప మాత్రం చిక్కిపోయాడు. పెట్టిన మిడతను ముట్టలేదు. పగలంతా నీళ్ళచిప్పలో కదలకుండా కూర్చున్నాడు. ఇంతకాలం తోడువాళ్ళు ఏమవుతారో అని భయపడిన శివకుమార్‌కు ఇప్పుడు అసలువాడే పోతాడేమోనని పట్టుకుంది. గోమారిని పీకేద్దామా అంటే ఎన్నికైన ప్రతినిధిని బలవంతంగా తొలగించినట్టవుతుందని చైర్మన్ గారు ఒప్పుకోలేదు. మీవాణ్ణి మీరే వెనక్కి పిలుచుకోండని శివకుమార్ పుంగనూరుకు ఫోను చేస్తే నారాయణస్వామికి కోపమొచ్చింది. మావాడు ఊరికే కూర్చున్నాడా, పని చేస్తాండాడు, పనిచేసేవాళ్ళను చూస్తే మీకు కడుపుమంట అని ఫోను పెట్టేశాడు.

ఆ ఆదివారం శివకుమార్ ఊరికి పోతే తల్లి అన్నం పెడుతూ కొడుకు గురించి కాకుండా కప్ప గురించే అడిగింది. ఆమె కుప్పం గంగమ్మకు ముడుపు కట్టి ఉంది, కప్ప పేరు మీద.

"అది సల్లగుంటే నువ్వు సల్లగుంటావు నాయినా. రొంత దగ్గరుండి సూసుకో."

"సూసుకుంటాండామ్మా. అదే ఏమీ తినడం లేదు."

"నువ్వు తిను ముందర. దానికి పెట్టేవాళ్ళు యాడైనా ఉంటారు."

శివకుమార్ తినలేకపోయాడు. ముప్పై ఏళ్ళు గంప మోసిన మనిషి, కొడుకు బాగుండాలని ఒక గోదురుకప్ప ఆరోగ్యం కోసం దేవతకు మొక్కడం చూసి అతనికి నవ్వొచ్చింది. ఆ నవ్వు తల్లి కంట పడకుండా తల తిప్పుకున్నాడు. చేయి కడుక్కుని బస్సెక్కాడు.

శాంతప్పను మొక్కు కాపాడిందో, గోమారి అత్యాశ కాపాడిందో చెప్పలేం. కడుపు నిండి బరువెక్కిన గోమారి ఒక మధ్యాహ్నం పట్టు వదిలి కింద దొర్లింది. పదవిలో ఉన్నంతకాలం అందనివాడు పదవి దిగాక మూడంగుళాల దూరంలో కాళ్ళాడిస్తూ పడి ఉన్నాడు. శాంతప్ప మెల్లగా తిరిగి చూశాడు. ఆయన నెత్తురు ఆయనకే చేరింది. మండలివారు ఆ రోజు విడుదల చేసిన ప్రకటనలో ఇచ్చిపుచ్చుకోవడమే సామరస్యానికి పునాది అని రాశారు. పుంగనూరులో ఊరేగింపు జరిగింది.

వాల్మీకిపురం, అదే పాత పేరున వాయల్పాడు, నుంచి పిలవకుండానే ఒక నత్త కూడా వచ్చిన సంగతి చెప్పకపోతే ఆ ఊరివారు నొచ్చుకుంటారు. అది ఎండకు గుల్ల లోపలికి పోయి, తలుపుకు పొర కట్టుకుని, పదవీకాలమంతా నిద్రపోయింది. ఒక ప్రశ్న అడగలేదు, ఒక అడుగు వేయలేదు. ఆదర్శ సభ్యుడంటూ చైర్మన్ గారు దాన్ని సభల్లో పొగిడేవారు. మొదటి వాన పడ్డ రోజు చల్లగాలికి తలుపు తీసి, లోకం ఎంత బాగుందో అన్నట్టు కొమ్ములు చాపింది. బెంగళూరు నత్త అంత పెద్దది కాదు, పాపం. నోట్లో పట్టింది.

ఇన్ని చావుల మధ్య శివకుమార్ ఒక పని మాత్రం మానలేదు. రోజూ తొట్టి అద్దాలు తుడిచేవాడు, నీళ్ళు మార్చేవాడు, అడుగున పరిచిన ఆకుమన్ను కదిపేవాడు. ఒక రోజు మన్ను కదుపుతుంటే అందులో తెల్లగా రవ్వంత ప్రాణులు వందలకొద్దీ గెంతుతూ కనిపించాయి. వాటిని ఎవరూ ఎన్నుకోలేదు, ఎవరూ ఊరేగించలేదు. ఆకుమన్నుతో పాటు వచ్చి, శాంతప్ప వదిలిన పెంటను తింటూ, పిల్లల్ని కంటూ హాయిగా ఉన్నాయి. శాంతప్ప వాటి మీదే కూర్చున్నాడు గానీ వాటిని చూడలేదు. నాలుక చాచేంత విలువ వాటికి లేదు. ఈ తొట్టిలో కప్పతో క్షేమంగా కాపురం చేయగలిగినవి ఇవేనని శివకుమార్‌కు ఆ క్షణాన తెలిసిపోయింది. మండలిలో తను ఇన్నాళ్ళూ ఎట్లా బతికి ఉన్నాడో కూడా తెలిసింది. ఆ రెండో సంగతి తెలియకపోయినా బాగుండేదనుకుని, మన్ను మళ్ళీ కప్పేశాడు.

చైర్మన్ గారికి చెప్పాడు, సార్, తొట్టిలో ఇవొక్కటే మిగిలుండాయి అని. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని వంగి చూసి, ఇవి ఏ ఊరివని అడిగారు. ఏ ఊరివీ కావన్నాడు శివకుమార్. అయితే లేనట్టే అన్నారు ఆయన.

తనిఖీ రోజు వచ్చింది. హైదరాబాదు నుంచి దిగిన పెద్ద అధికారి టీ తాగి, తొట్టి ఎదుట నిలబడ్డారు. తొట్టిలో శాంతప్ప తప్ప ఎవరూ లేరు. పోయిన బరువంతా తిరిగొచ్చి, గుమ్మడికాయలా నిండుగా కూర్చుని ఉన్నాడు. శివకుమార్ చేతిలోని నీళ్ళగ్లాసు బల్ల మీద పెట్టేశాడు. అయిపోయింది, రేపటినుంచి మళ్ళీ గుడుపల్లె అనుకున్నాడు. తల్లికి ఎట్లా చెప్పాలో మాటలు వెతుక్కుంటున్నాడు.

తక్కిన సభ్యులెక్కడ అని అధికారి అడిగారు. మధుసూదన్ గారు గొంతు సవరించుకున్నారు.

"అయ్యా, సామరస్యం సాధించమని ప్రభుత్వం మమ్మల్ని ఆదేశించింది. ఈ తొట్టిలోకి మేము కుప్పాన్ని తెచ్చాం, పుంగనూరును తెచ్చాం, మదనపల్లెను తెచ్చాం. ఇప్పుడు చూడండి. ఎక్కడైనా కుప్పం వేరు, పుంగనూరు వేరు అనే భేదం కనిపిస్తోందా? ఒక్క అరుపు వినిపిస్తోందా? ఒక్క ఫిర్యాదు వచ్చిందా? అందరూ ఒకే గొడుగు కిందికి, ఒకే చర్మం కిందికి వచ్చేశారు. ఇంతకు మించిన ఐక్యత ఎక్కడైనా ఉంటే తమరు సెలవివ్వాలి."

అధికారి తొట్టికి చెవి ఆనించి విన్నారు. నిజంగానే ఏ చప్పుడూ లేదు. తాను చూసిన మండళ్ళన్నిటిలో జనం అర్జీలతో మీద పడేవారనీ, ఇంత ప్రశాంతత తన సర్వీసులో చూడలేదనీ ఆయన ఒప్పుకున్నారు. పథకం సంపూర్ణ విజయమని రాసి సంతకం పెట్టారు. చైర్మన్ గారికి మరో విడత పదవి, శాంతప్ప గారికి గది సైజు కొత్త తొట్టి, మండలాలన్నిటి నుంచీ సభ్యులను తీసుకునే అధికారం వచ్చాయి. ఆ కాగితం చివరి వాక్యంలో శివకుమార్ పర్మనెంటు అయ్యాడు. ఆ మాట వినగానే అతనికి కలిగింది మొదట సంతోషమే. దాని వెనకాలే సిగ్గు కూడా వచ్చింది గానీ, సంతోషం ముందు కూర్చుంది కాబట్టి దానికి చోటు దొరకలేదు.

కొత్త తొట్టికి పేర్లు తీసుకునే రోజు ఆఫీసు ముందు నుంచి బెంగళూరు రోడ్డు మలుపు దాకా జనం నిలబడ్డారు. డబ్బాలు, బుట్టలు, సీసాలు, కొబ్బరిచిప్పలు. పెద్దపంజాణి వాళ్ళు పేడపురుగును పట్టుగుడ్డలో చుట్టి తెచ్చారు. శివకుమార్ పర్మనెంటు కుర్చీలో కూర్చుని వరస చీటీలు ఇస్తున్నాడు. ఇంతలో వెనకనుంచి అతని పల్లె పెద్ద దాసప్ప, మరో నలుగురు ఎవరినీ లెక్కచేయకుండా తోసుకుని ముందుకొచ్చారు. దాసప్ప చేతిలో పసుపు పూసిన అగ్గిపెట్టె ఉంది. తెరిస్తే అందులో తుమ్మాకు మీద ఒక బంగారు పురుగు. ఆకుపచ్చా బంగారమూ కలిసి దాని రెక్కలు ఎండకు మెరిశాయి. పల్లెలో పిల్లలంతా వారం రోజులు వెతికి, ఉన్నవాటిలో అందమైనదాన్ని ఏరారట.

మనూరోడివి నువ్వు ఈడుండావు గాబట్టి, మావంతు ముందరికి జరపమన్నాడు దాసప్ప.

శివకుమార్ లేచి, ఆయన్ని చేయిపట్టి పక్కకు తీసుకుపోయాడు. ఆ మండలిలో చేరాక అతను వచ్చిన జనంలో ఎవరికీ నిజం చెప్పలేదు. ఆ పురుగును చూశాక చెప్పకుండా ఉండలేకపోయాడు.

"మామా, దీన్ని ఎనక్కి తీసకపో. ఆ కప్ప దీంతో కాపురం సేయదు. మింగేస్తాది. ఇంతవరకూ వచ్చినవన్నీ మింగేసింది."

దాసప్ప అతని మొహంలోకి జాలిగా చూశాడు. ఇంత చదివించినా వీడికి లోకం తెలియలేదే అన్నట్టు ఉంది ఆ చూపు.

"అది మాకు తెలీదా అప్పా? కుప్పమోళ్ళది మింగె, పుంగనూరోళ్ళది మింగె, కడాకు వాయల్పాడు నత్తను గూడా మింగె. మనదొక్కటే మింగకపోతే రేపట్నుంచి ఊర్లో తలెత్తుకోని తిరిగేదెట్ల?"

శివకుమార్ వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుని, దాసప్ప చేతిలో ఒకటో నెంబరు చీటీ పెట్టాడు. అది చూసి వరసలో నిలబడినవాళ్ళంతా ఇది పక్షపాతమని, పొద్దున్నుంచి ఎండలో నిలబడింది తామని, మొదట మింగవలసింది తమదేనని ఆఫీసు మీదికి రాళ్ళు విసిరారు.